బతికున్నవాళ్ళ వరస

పిండి పొంగే వేళ వంటింట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. అది వంటమనిషి అగాఫియ పెట్టిన చట్టం. తలుపు దభాల్న వెయ్యకూడదు, కిటికీ తియ్యకూడదు, పోట్లాటలుంటే పెరట్లోకి పోయి కొట్టుకోవాలి. ఆ అనాథల ఇంట్లో పెరుగుతున్న తొమ్మిదిమంది పిల్లలూ ఇంకేం విన్నా వినకపోయినా ఆ ఒక్కటీ వింటారు. పొంగని రొట్టె తినాల్సింది వాళ్ళే కదా మరి.

ఆ శనివారం తెల్లవారకముందే లేచి నాలుగు తొట్ల పిండి పిసికింది అగాఫియ. సోమవారం పెద్దల పండగ. ఈస్టర్ వెళ్ళిన వారానికి సల్చెనీ ఊరు ఊరంతా కొండమీది సమాధుల దగ్గరికి పోతుంది. అక్కడ బల్లల మీద గుడ్డలు పరుచుకుని, పోయినవాళ్ళ పేరు చెప్పి ఎదుటివాళ్ళ చేతిలో ఒక జడరొట్టె, ఒక తువ్వాలు, వెలిగించిన కొవ్వొత్తి పెడతారు. ఆదివారం పిండి పిసికితే పాపం కనక రొట్టెలన్నీ శనివారమే కాలాలి. పిండిని మూడు పాయలు చేసి, ఆడపిల్ల జడ అల్లినట్టు అల్లి, కొసలు రెండూ కలిపి చక్రంలా చుట్టి, పైన గుడ్డుసొన రాస్తోంది. అరవై రెండేళ్ళ చేతులు. కుడి మణికట్టు వాచిపోతే దానికి కాబేజీ ఆకు కట్టుకుని మరీ అల్లుతోంది.

ఇలింకా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎనిమిదేళ్ళది. ఎడం కాలు కాస్త ఈడుస్తుంది గానీ, గబగబా నడిస్తే తెలీదు.

"అమ్మమ్మా, ఎన్ని?" అంది గుసగుసగా. పిల్లలందరికీ ఆవిడ అమ్మమ్మే.

"ఎన్ని ఏమిటే?"

"రొట్టెలు."

"ముప్ఫయ్యారు. ఒకటి తగ్గిందా, నీ పొట్ట నొక్కి చూస్తా."

ఇలింకా నవ్వలేదు. బల్లమీద వరసగా ఉన్న రొట్టెలకేసి చూసింది. "అందులో మా అమ్మది ఏది?"

అగాఫియ చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"మీ అమ్మదేమిటే?"

"హాలండావిడ వచ్చి అడిగితే మా అమ్మ పోయిందని చెప్పాలంట. కొర్నేల్ మామయ్య చెప్పాడు. నిజంగా పోయిందా అని అడిగితే, పోయిందనే చెప్పు అన్నాడు. అంటే పోయినట్టే కదా?" పిల్ల వేళ్ళతో బల్ల అంచు గీకుతోంది. "లెనుత్స వాళ్ళమ్మకి రొట్టె ఉంది, తువ్వాలుంది. మా అమ్మకే ఏం లేదు. ఎవరూ ఇవ్వకపోతే వాళ్ళకి అక్కడ ఆకలేస్తుందని నువ్వే చెప్పావు పోయినేడు."

అవును, చెప్పింది. వంట చేసుకుంటూ వంద చెబుతుంది మనిషి. అందులో ఏది పిల్లల గుండెల్లో పడి మొలకెత్తుతుందో ఎవరికి తెలుసు.

"అమ్మమ్మా?"

అగాఫియ ఏం చెప్పాలో తోచక, తొట్లోంచి నిమ్మకాయంత పిండి తుంచి పిల్ల చేతిలో పెట్టింది. నోటికి మాట రానప్పుడు ఆవిడ చేసే పని అదే, చేతిలో ఏదో ఒకటి పెట్టడం. ఇలింకా స్టూలెక్కి, నాలిక బయటపెట్టి, మూడు పాయలు చేసింది. ఒకటి లావు, రెండు సన్నం. అల్లితే రొట్టె ఒక పక్కకి ఒరిగిపోయింది. విప్పి మళ్ళీ అల్లింది. అగాఫియ సాయం చెయ్యలేదు. చేస్తే ఆ రొట్టెలో తన చెయ్యి కూడా ఉన్నట్టవుతుందని భయం వేసింది.

ఆ వంకర రొట్టె మిగతా వాటితోపాటు పొయ్యిలోకి పోయింది.

మధ్యాహ్నం కొర్నేల్ వచ్చాడు. ఆ ఇంటి పెత్తనం అతనిదే. నలభయ్యేళ్ళవాడు, ఈ ఊరివాడే, చిన్నప్పుడు అగాఫియ పెరట్లో చెర్రీలు దొంగిలించి తన్నులు తిన్నవాడే.

"అత్తా, పిండి పొంగిందా? లోపలికి రావచ్చా?"

"వచ్చి నిలబడి అడుగుతావేం? తలుపు మెల్లగా వెయ్యి."

చేతిలో కాగితం ఉంది. కంప్యూటర్లో కొట్టించాడు. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ రాసే కాగితమే అది: నెత్తిన సిలువ గుర్తు, దాని కింద రెండు వరసలు. ఒక పక్క బతికున్నవాళ్ళు, ఒక పక్క నిద్రించినవాళ్ళు. చర్చి అయ్యగారు ఆ పేర్లు పైకి చదివి, బతికున్నవాళ్ళకి ఆరోగ్యం అడుగుతారు, నిద్రించినవాళ్ళకి శాంతి అడుగుతారు. కొర్నేల్ తెచ్చిన దాంట్లో ఒక్క వరసే ఉంది. పిల్లల తరఫున నిద్రించినవాళ్ళు.

అగాఫియ చదువు నాలుగో తరగతి. చెయ్యి తుడుచుకుని, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇలింకా వాళ్ళమ్మ రోదికా ఇక్కడెందుకుందిరా?"

"ఉండాలి కదత్తా. రేపు హాలండు నుంచి వచ్చే మార్గ్రీత్ మేడం దగ్గర పిల్లల కాగితాలన్నీ ఉంటాయి. పోల్చి చూసుకోదూ?"

"బూట్లొచ్చాయి కదరా."

కొర్నేల్ పెరట్లోకి చూశాడు. పిల్లలు గొళ్ళేనికి తాడు కట్టి గెంతుతున్నారు. "మెల్లగా," అన్నాడు.

"మెల్లగానే అంటున్నా. ఈ వంటింట్లో మెల్లగా మాట్లాడ్డం నాకు నేర్పుతావా? చచ్చిన మనిషి ఇటలీ నుంచి బూట్లు పంపుతుందా?"

"సంతకం పెట్టిన రోజుకి బూట్లు రాలేదు. ఏడాదిన్నరగా కబురు లేదు, పోయినట్టే రాద్దాం అనుకున్నాం. నేననుకున్నాను, నువ్వూ అనుకున్నావు. కింద సాక్షి సంతకం నీదే." కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అన్నాడు. "బూట్లు వచ్చాక రోదికా నంబరుకి నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఇప్పుడు మార్చామా, పిల్ల ఈ ఇంట్లో ఉండదు. ఆ రూలు నాది కాదు, డబ్బు పంపే హాలండు వాళ్ళది. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలకే ఈ ఇల్లు. తల్లి ఉంటే పిల్ల బంధువుల దగ్గరికి పోవాలి. బంధువంటే ఎవరు? ఆ తుదోసె. పంపమంటావా?"

జేబులోంచి పెన్ను తీసి ఆవిడకేసి చాచాడు. "ఇదిగో. నువ్వే కొట్టెయ్. నీ ఇష్టం."

తుదోసె రోదికాకి స్వయానా అన్న; ముసలివాళ్ళని చూసుకునే పనికి ఇటలీ పోతూ ఆమె పిల్లని వదిలింది అతని దగ్గరే. అవతలి లోయలో ఉంటాడు. రెండేళ్ళ కిందట జనవరిలో అతని మేకల కొట్టంలోంచి ఇలింకాని ఎత్తుకొచ్చింది ఈ కొర్నేలే. మంచులో బండి ఆగిపోతే నాలుగు కిలోమీటర్లు భుజాన మోసుకొచ్చాడు. ఆ ఎడం కాలి చిటికెన వేలు నల్లబడి ఊడిపోయిన పూట గిన్నె పట్టుకున్నది అగాఫియ.

ఆవిడ పెన్ను తీసుకోలేదు. చేతులు పిండిలో పెట్టేసింది.

కొర్నేల్ వెళ్ళాక, పొయ్యి పక్కనున్న పెట్టె మీద కూర్చుంది. ఆ పెట్టెలోనే, అక్రోట్ల గోనె కింద, ఎర్ర బూట్లున్నాయి. అక్టోబరులో వ్యాను డ్రైవరు గుమ్మంలో ఇచ్చిపోయిన రోజు ఎలా ఉన్నాయో అలాగే, డబ్బాతో సహా.

*

ఆదివారం పూజ అయ్యాక గెనాదీ అయ్యగారి ఇంటికి వెళ్ళింది అగాఫియ. అయ్యగారు పెరట్లో తేనెపెట్టెల దగ్గరున్నారు. నెత్తిన వల, చేతిలో పొగ బుడ్డి. వల కింద గడ్డం ఇమడక సగం బయటికొచ్చింది.

"అక్కడే ఆగు అగాఫియమ్మా. నీకు ఉల్లిపాయ వాసన. వీటికి పడదు."

"నాకు ఉల్లిపాయ వాసన రాని రోజంటూ ఉంటే నన్ను పాతిపెట్టిన రోజే. ఒక మాట అడగాలి."

"అడుగు. చేతులు ఊపకు."

అగాఫియ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "బతికున్న మనిషి పేరు పొరపాటున నిద్రించినవాళ్ళలో చదివితే ఏమవుతుంది అయ్యగారూ?"

ఆయన ఒక చట్రం పైకి తీసి ఎండకి పట్టి చూశారు. "దేవుడికి లెక్క తెలీదా? నేను తప్పు చదివితే ఆయన దిద్దుకుంటాడు."

"ఖరితినా అత్త తన కోడలి మీద కోపంతో దాని పేరు నిద్రించినవాళ్ళలో రాయిస్తే, పెంతెకోస్తు పండగ నాటికి ఆ కోడలి జుట్టంతా ఊడిపోలేదా?"

"దాని జుట్టు ఊడింది రంగు మూలాన."

"రంగు అందరూ వేసుకున్నారు. ఊడింది దాని ఒక్కదానికే."

అయ్యగారు వల పైకెత్తి, ఆవిడ మొహంలోకి చూశారు. తేనెటీగ ఒకటి ఆయన చెంప మీద నడుస్తోంది, పట్టించుకోలేదు. "ఎవరిదీ పేరు?"

నాలిక చివర దాకా వచ్చింది. రాగానే ఆ కాలు కళ్ళముందు మెదిలింది, గిన్నెలో వేడినీళ్ళు మెదిలాయి. మింగేసింది.

"చూడమ్మా," అన్నారాయన. "నువ్వు చెబితే నాకు తెలిసినట్టు. తెలిశాక చదవలేను. ఊరి పిల్లల కాగితాల మీద నా సంతకం కూడా ఉంటుంది, అదీ తెలుసుకో. చెప్పకపోతే తెలియనట్టు. కాగితంలో ఏముంటే అది చదువుతాను. చెబుతున్నావా?"

"తేనె ఈ ఏడు బాగుందా?" అంది అగాఫియ.

"బాగుంది," అన్నారు అయ్యగారు, వల దించుకుంటూ.

సాయంత్రం నాలుగింటికి మార్గ్రీత్ వచ్చింది. పొడుగాటి మనిషి. డెబ్భయ్యికి దగ్గరపడింది, వంగకుండా గుమ్మం దాటలేదు, కూర్చుంటే మోకాళ్ళు బల్ల కింద పట్టవు. పక్కన దోయినా, జిల్లా బళ్ళో పంతులమ్మ, మాట అటుదిటు చెప్పడానికి. మార్గ్రీత్ ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలిచింది. వాళ్ళ ఫోటోలు తన వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుందట. పొద్దున్నే పాలు తీసుకునేటప్పుడు తొమ్మిదిమందికీ నమస్కారం పెడుతుందట.

"పాలు ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లా?" అన్నాడు ఒక పిల్లాడు. అందరూ నవ్వారు. దోయినా చెబితే మార్గ్రీత్ కూడా నవ్వింది.

కోడిపులుసు వడ్డిస్తుంటే మార్గ్రీత్ ఇలింకాని దగ్గరికి తీసుకుంది. ఏదో అడిగింది.

"బాగున్నావా అంటోంది," అంది దోయినా.

ఇలింకా నిటారుగా నిలబడింది. బళ్ళో పద్యం అప్పజెప్పేటట్టు, "మా అమ్మ పోయింది. రేపు తన పేరిట రొట్టె ఇస్తాను. నేనే అల్లాను," అంది.

దోయినా చెప్పింది. మార్గ్రీత్ కళ్ళు చెమర్చాయి. పిల్ల చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. బల్ల ఆ చివర కొర్నేల్ చెంచాని పళ్ళెం మీద సరిగ్గా అడ్డంగా పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

అగాఫియ చేతిలో గరిటె ఒలికింది. పులుసు బల్లగుడ్డ మీద పడి పసుప్పచ్చగా పాకింది.

"పరవాలేదు, పరవాలేదు," అంది మార్గ్రీత్, వచ్చీరాని ఆ ఒక్క మాటతో.

*

సోమవారం ఎండ కాసింది. కొండమీద గడ్డి కోసి, సమాధులకి సున్నం వేసి, కొండంతా తెల్లగా మెరుస్తోంది. బల్లల మీద ఎర్ర గుడ్లు, జున్ను, వేయించిన చేప, కూజాల్లో ద్రాక్షసారా. ముసలి హరలాంబీ అప్పటికే మూడు సమాధులు తిరిగి ముగ్గురి పేరిట తాగాడు. "ఈ ఊళ్ళో చనిపోయినవాళ్ళు దయగలవాళ్ళు. బతికున్నవాళ్ళే ఒక్క గ్లాసు పొయ్యరు," అని అరుస్తున్నాడు.

తొమ్మిదిమంది పిల్లలూ పెద్ద సిలువ ముందు వరసగా నిలబడ్డారు. సమాధులు ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళకీ, ఎక్కడున్నాయో తెలీనివాళ్ళకీ అందరికీ కలిపి ఆ పెద్ద సిలువే. ఒక్కొక్కరి భుజాన తువ్వాలు, చేతిలో రొట్టె, రొట్టె మధ్యలో గుచ్చిన కొవ్వొత్తి. ఇలింకా రొట్టె కాలాక ఇంకా వంకరైంది. కొవ్వొత్తి నిలవక పక్కకి వాలుతుంటే బొటనవేలితో ఆనించి పట్టుకుంది. మైనం వేలి మీద పడుతున్నా తియ్యడం లేదు.

అయ్యగారు ధూపం వేశారు. కొర్నేల్ కాగితం అందించాడు. మార్గ్రీత్ నెత్తిన గుడ్డ కట్టుకుని ఒక పక్కగా నిలబడింది, ఆవిడ చెవి దగ్గర దోయినా.

అయ్యగారు చదవడం మొదలుపెట్టారు. పేరు పేరుకీ ఒకసారి ధూపం ఊపుతారు. ఆ పేరు గలవాళ్ళ పిల్ల ముందుకొచ్చి, ఎదురుగా ఉన్న ఎవరి చేతిలోనో రొట్టె పెడుతుంది. అందుకున్నవాళ్ళు "దేవుడు క్షమించుగాక" అంటారు. అంతే.

"అనా."

లెనుత్స వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, పెద్దది. వాళ్ళమ్మ రొట్టె హరలాంబీ చేతిలో పెట్టింది.

"పేత్రు."

లెనుత్స తండ్రి. రెండో రొట్టె. ఆ పిల్ల ఇస్తూ ఎవరి మొహమూ చూడలేదు.

అగాఫియ వేలు కొంగు అంచు వెంట పాకుతోంది. మొన్న కాగితంలో వేలు పెట్టి చదివినప్పుడు అయిదు పేర్ల తర్వాత ఆరోది. రెండయ్యాయి. మూడోది, నాలుగోది, కవలలిద్దరి అమ్మానాన్నలవి. అయిదోది. పొగ ఆవిడ కళ్ళలోకి వచ్చింది. ఇప్పుడు పక్కకి తిరిగి దగ్గితే? కాగితం గాలికి పోతే? మనిషి ఎప్పుడూ అలాంటివే అనుకుంటుంది, గాలి వచ్చి తన పని చేసిపెడుతుందని.

గాలి రాలేదు.

అయ్యగారు కాగితం మీంచి తలెత్తి, క్షణం అగాఫియ వైపు చూశారు. చూసి, మళ్ళీ కాగితంలోకి చూసి, నోరు తెరిచారు. ఇలింకా అప్పటికే ఒక అడుగు ముందుకేసింది.

"రో..."

"ఆ మనిషి బతికే ఉంది అయ్యగారూ!"

అంత గట్టిగా అరిచానని అగాఫియకే తెలీదు. జీవితమంతా వంటింట్లో గుసగుసలాడిన గొంతు కొండ మీద ఆ చివరిదాకా పోయింది. పక్క సమాధుల దగ్గర గ్లాసులు ఆగాయి.

"రోదికా బతికే ఉంది," అంది మళ్ళీ, ఈసారి చిన్నగా. "ఇటలీలో. అక్టోబరులో బూట్లు పంపింది. నా పెట్టెలో ఉన్నాయి. నేనే దాచాను."

దోయినా నోరు కదలడం లేదు. మార్గ్రీత్ ఆమె మోచెయ్యి తాకింది. దోయినా కొర్నేల్‌ని చూసింది, అగాఫియని చూసింది, ఆ తర్వాత ఉన్నదంతా మార్గ్రీత్ చెవిలో చెప్పేసింది.

అయ్యగారు మెల్లగా జేబులోంచి పెన్సిలు తీశారు. నాలిక మీద తడిచేసి, ఆ పేరు మీద గీత గీశారు.

అప్పుడు లెనుత్స అంది. "అయ్యగారూ... మా నాన్న పేరు చదివేశారు. వెనక్కి తీసుకోవచ్చా?"

"ఏమంటున్నావే?" అన్నారు అయ్యగారు.

"అమ్మ నిజంగానే పోయింది. నాన్న మాస్కోలో తాపీపని చేస్తాడు. పోయినేడు కూడా చదివారు." పిల్ల పెదవి కొరుక్కుంది. "అప్పట్నుంచీ నాకు భయంగానే ఉంది."

కవలలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ కలిసి కొర్నేల్‌ని చూశారు. వాళ్ళ ఇంటి సంగతీ అదేనని ఆ చూపే చెప్పింది.

ఇలింకా సంగతి ఒక్కటే తన గుండెలో రాయిలా మోస్తున్నాననుకుంది అగాఫియ. ఇంతమంది చిన్న గుండెల్లో ఇన్ని రాళ్ళున్నాయని ఆవిడకి తెలీదు. రోజూ వాళ్ళ గిన్నెలు కడిగింది, తలలు దువ్వింది, తెలీదు.

కొర్నేల్ ఎవరిదో సమాధి పక్క బెంచీ మీద కూలబడ్డాడు. హరలాంబీ వెళ్ళి అతని చేతిలో గ్లాసు పెట్టాడు. "తాగరా. మా నాన్న పేరిట. ఆయన మాత్రం ఖాయంగా పోయాడు, నేనే పాతిపెట్టాను."

ఇలింకా ఇంకా అక్కడే నిలబడి ఉంది, వరసకి ఒక అడుగు ముందు. కొవ్వొత్తి కరిగి సగమైంది.

"అమ్మమ్మా," అంది. "అయితే దీన్నేం చెయ్యను?"

అగాఫియ దగ్గరికి వెళ్ళింది. చుట్టూ ఊరంతా ఎవరో ఒకరి పేరు చెప్పి ఇస్తోంది. కాగితాల్లో తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్న పిల్ల, తల్లి బతికున్న పిల్ల, చేతిలో వెలిగే కొవ్వొత్తితో నిలబడింది, పోయినవాళ్ళెవరూ లేక. ఊదేద్దామంటే పెద్దల పండగనాడు కొవ్వొత్తి ఊదకూడదు.

"నా అంతోన్‌ని తీసుకో," అంది అగాఫియ. "మా ఆయన. మంచివాడే. నీకిస్తున్నా. ఆయన పేరు చెప్పి ఇయ్యి."

"ఆయనకి కోపం రాదా? రొట్టె వంకరగా ఉంది."

"ఆయన ముక్కూ వంకరే. ఏమనుకోడు."

ఇలింకా చుట్టూ చూసింది. ఎవరికిద్దామా అని చూసి, నడుచుకుంటూ పోయి, మార్గ్రీత్ ముందు నిలబడి రొట్టె పైకెత్తింది. "అంతోన్ తాతయ్య పేరిట," అంది. ఆవిడ రెండు చేతులా అందుకుంది గానీ ఏమనాలో తెలీలేదు. ఇలింకాయే నేర్పింది. ఒక్కొక్క మాట. ఆవిడ ఒక్కొక్క మాటా తిరిగి అంది, నాలిక తడబడుతూ.

*

మంగళవారం పొద్దున్న కొర్నేల్ పిండి పొంగిందా అని అడగలేదు. వచ్చి తలుపు దభాల్న వేశాడు.

"హాయిగా ఉందా అత్తా ఇప్పుడు? నలుగురు. నలుగురు పిల్లలు పోవాలి. లెనుత్సకి పిన్ని ఉంది, నలుగురు పిల్లల్తో ఒక గదిలో ఉంటుంది. కవలలకి ఇక్కడ బంధువులెవరూ లేరు, సర్కారు హాస్టలే. ఇలింకా సంగతి నీకు చెప్పక్కర్లేదు. నేను అబద్ధాలవాణ్ణి, ఒప్పుకుంటా. ఆ అబద్ధం రెండేళ్ళు వాళ్ళకి అన్నం పెట్టింది. నీ నిజం ఏం పెడుతుంది?"

అగాఫియ దుంపలు కడుగుతోంది. "అన్నీ నువ్వు చెప్పిందే నిజం కొర్నేల్," అంది. "కానీ నా చేతుల్తో దాచాను. ఆ పిల్ల పక్కనే కూర్చుని తల్లికి రొట్టె అల్లింది. నేను చూస్తూ కూర్చున్నాను. అదొక్కటీ నావల్ల కాలేదు."

కొర్నేల్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నిద్రపోని కళ్ళు.

తలుపు మెల్లగా తెరుచుకుంది. మార్గ్రీత్ వంగి లోపలికొచ్చింది, వెనక దోయినా. మధ్యాహ్నం ఆవిడ ప్రయాణం. ఎవరూ అడక్కుండానే బల్ల దగ్గర కూర్చుని కత్తి తీసుకుని దుంప చెక్కడం మొదలుపెట్టింది. అగాఫియ ఒక్క నిమిషం ఓర్చుకుంది.

"తొక్కతో సగం దుంప పోతోందని చెప్పవే దోయినా."

దోయినా చెప్పింది. మార్గ్రీత్ సన్నగా చెక్కసాగింది. కాసేపటికి ఏదో అంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతోంది."

"మీరు కాగితాన్ని అడిగారు, కాగితం చెప్పింది. నన్నెప్పుడడిగారు?"

మార్గ్రీత్ కత్తి కింద పెట్టి మాట్లాడింది. దోయినా నెమ్మదిగా చెప్పింది: "వాళ్ళ దేశంలో ఇచ్చేవాళ్ళు, పోయిన తల్లిదండ్రుల పేరు చెబితేనే ఇస్తారంట. తల్లి ఎక్కడో ఉంది, రాలేకపోతోంది అంటే ఎవరికీ మనసు కరగదంట. అందుకని ఆ రూలంట. ఆ రూలుకి తనూ చెయ్యెత్తి ఒప్పుకుందంట."

"మేమూ అంతే కదా," అంది అగాఫియ. "నిన్న చూసింది కదా, మేమూ పోయినవాళ్ళ పేరనే ఇస్తాం. కానీ తినేది బతికున్నవాళ్ళే. అది చెప్పు ఆవిడకి."

దోయినా చెప్పింది. మార్గ్రీత్ సంచీలోంచి తెల్లకాగితం తీసి బల్లమీద పెట్టింది.

"పిల్లలందరి పేర్లూ, వాళ్ళ తల్లిదండ్రులవీ, ఉన్నది ఉన్నట్టు నిన్నే రాసిమ్మంటోంది. ఆ కాగితం పట్టుకుపోయి అక్కడ అందరి ముందూ పెడుతుందంట. వాళ్ళు ఏమంటారో మాట ఇవ్వలేనంటోంది. కానీ ఆకురాలే కాలంలో తను మళ్ళీ వచ్చేదాకా ఈ ఇంట్లో ఒక్క మంచం కూడా కదలకూడదంట. కొర్నేల్ గారికి కూడా అదే చెప్పమంటోంది." దోయినా ఆగి, "మీరు కూడా కదలకూడదంట," అంది కొర్నేల్‌తో.

కొర్నేల్ రెండు అరచేతుల్తో మొహం రుద్దుకున్నాడు.

అగాఫియకి కాగితం రాయడం ఒక్క విధంగానే వచ్చు. నెత్తిన సిలువ గీసింది. మధ్యలో నిలువు గీత గీసింది. ఒక పక్క బతికున్నవాళ్ళు, ఒక పక్క నిద్రించినవాళ్ళు. కొర్నేల్ ఒక్కొక్క పేరే చెబుతుంటే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. రోదికా పేరు బతికున్నవాళ్ళ వరసలో రాసి, రెండుసార్లు దిద్దింది.

రాయడం అయ్యాక పెట్టె దగ్గరికి పోయి, అక్రోట్ల గోనె ఎత్తి, డబ్బా తీసింది. ఇలింకాని పిలిచింది.

పిల్ల బూట్లని ముందు వాసన చూసింది. తర్వాత కుడికాలికి వేసుకోబోయింది. మడమ దాకా కూడా పోలేదు. ఎడం కాలికి ప్రయత్నించింది. అదీ పోలేదు. రోదికా మనసులో పిల్లకి ఇంకా ఆరేళ్ళే. అగాఫియ ఏడుపుకి సిద్ధపడి, జేబులో అక్రోటు కోసం వెతుకుతోంది, చేతిలో పెట్టడానికి.

ఇలింకా ఏడవలేదు. బూటు పక్కన పెట్టి ఆలోచించింది. "అమ్మకి నా సైజు తెలీదు," అంది. "చెబితే తెలుస్తుంది కదా."

డబ్బా మూత మీద నీలి సిరాతో ఒక ఊరి పేరు, వీధి పేరు ఉన్నాయి. కొర్నేల్ అది చదివి, గోడ గడియారం చూశాడు. "ఇటలీ వ్యాను పన్నెండింటికి కూడలి దగ్గర ఆగుతుంది," అన్నాడు. ఎవరినీ చూడకుండా అన్నాడు. "తొందరగా చేస్తే నేను పట్టుకెళ్ళి ఇస్తా."

కాగితం కోసం వెతికితే, నిన్న అయ్యగారు తిరిగిచ్చిన కాగితమే దొరికింది, అగాఫియ కొంగు ముడిలో. ఒక పేరు మీద పెన్సిలు గీత. దాన్ని బోర్లా తిప్పి నేలమీద పరిచింది. వెనకంతా తెలుపు. ఇలింకా దాని మీద కుడికాలు పెట్టింది. అగాఫియ మోకాళ్ళ మీద కూర్చుని, చుట్టూ పెన్సిలుతో గీసింది. పిల్లకి చక్కిలిగింతలై వేళ్ళు ముడుచుకుంది.

"కదలకే. కాలు మేకకాలులా వస్తే మీ అమ్మ గిట్టలకి బూట్లు పంపుతుంది."

ఇలింకా పకపకా నవ్వింది. పక్కనే ఉన్న ఖాళీలో ఎడం కాలు పెట్టింది. అగాఫియ మడమ దగ్గర మొదలుపెట్టి, పక్కనుంచి పైకి వచ్చి, చిటికెన వేలు ఉండాల్సిన చోట పెన్సిలు ఆపింది. ఎక్కడో దేశంలో, ఎవరో ముసలావిణ్ణి చూసుకుంటూ, ఈ కాగితం విప్పి చూసే మనిషిని తలుచుకుంది.

"ఇక్కడ కొంచెం గుండ్రంగా గియ్యనా?" అంది. "ఏం తెలీకుండా?"

ఇలింకా వంగి చూసింది. తన కాలు చూసింది, కాగితం చూసింది.

"వద్దమ్మమ్మా," అంది. "ఉన్నట్టే గియ్యి."

అగాఫియ పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని, ఉన్నట్టే గీసింది.